ఆటలమ్మ, సర్పి, గర్భిణి

మాఘము వెళ్ళి ఫాల్గుణము వచ్చు రోజులలో వత్సవాయి మొదలైన కృష్ణా జిల్లా మెట్ట గ్రామములకు క్షణము తీరిక ఉండదు. ఒకవంక మిరప కోతలు. కూలీలు చేలలో బారులు తీరి కాయలు కోయుచుందురు. కల్లములలో ఎఱ్ఱని రాసులు ఆరుచుండును. మఱియొకవంక మునేటి యొడ్డున పెనుగంచిప్రోలులో తిరుపతమ్మ పేరంటాలి తిరునాళ్ళు. నందిగామ, జగ్గయ్యపేట, మధిర పొలిమేరల నుండి ఒకనాడు బండ్లు కట్టుకొని, నేడు బస్సులలోను ట్రాక్టర్లలోను, జనము తరలి పోవుచుందురు. జనము కలిసిన చోట జబ్బులును కలియును. ఆ నెలలలోనే ఊరిలో ఏదో ఒక యింటి గడపకు వేపమండలు వ్రేలాడును. "పిల్లవాడికి అమ్మవారు పోసిందట" అను మాట ప్రొద్దు క్రుంకులోపల వీథి చివరకు చేరును.

ఆ యింటిలోనే పురిటికి వచ్చిన ఆడపడుచు ఉన్నదనుకొందము. తొలి కాన్పు పుట్టింట జరుగవలెనను ఆచారము మనది. ఏడవ నెలలోనో తొమ్మిదవ నెలలోనో ఆమెను తీసికొని వచ్చిరి. అన్నగారి పిల్లవాడు వసారాలో మంచము మీద ఉన్నాడు. నాయనమ్మ గడపలో నిలిచి, "అమ్మాయ్, నువ్వు ఆ వసారాలోకి పోమాకమ్మా" అనును. ఆ మాటలో భయమెంత? అనుభవమెంత? వట్టి నమ్మకమెంత? శాస్త్రము ఆ ముసలమ్మ మాటను ఎంతవరకు సమర్థించును, ఎచ్చట కాదనును? ఈ ప్రశ్నకు సమాధానము రెండువందల యేబది యేండ్ల వైద్య చరిత్రలో కలదు. దానినే ఈ ప్రసంగమున మేము శ్రోతల ముందుంచుచున్నాము. వత్సవాయి 2022 ఏప్రిల్ నుండి ఎన్.టి.ఆర్. జిల్లాలో చేరినది. కాని జిల్లా పేరు మారినంతలో పురిటి ఆచారము మారదు. ఆటలమ్మ దారియును మారదు.

మొదట పేర్ల సంగతి. ఒంటి మీద పొక్కులు పోయు జబ్బులన్నిటిని మన పల్లెలు అమ్మవారి పేరనే పిలిచినవి. మశూచి పెద్దమ్మవారు. దానికన్న తేలికయైనది చిన్నమ్మవారు, అనగా ఆటలమ్మ. దానినే ఇప్పుడు చికెన్ పాక్స్ అనుచున్నారు. తట్టు వేరు. ముత్యాలమ్మ, పోలేరమ్మ మున్నగు గ్రామదేవతల కొలుపులలో ఈ జబ్బుల భయము పెనవేసికొని యున్నది. పొక్కును ముత్యమనిరి. జబ్బు వచ్చినదని అనక, తల్లి వచ్చినదనిరి. వచ్చిన తల్లిని తిట్టరాదు, తరుమరాదు, చల్లబఱచి సాగనంపవలెను. అందుకే వేపాకుల పడక, పసుపు నీళ్ళు, చలువ పదార్థములు. ఇంటిలో తాళింపు వేయరు. రోగి పడకను వేరు చేయుదురు. బయటి వారిని లోనికి రానీయరు. గర్భవతిని అసలే రానీయరు. పొక్కులు మాడిన పిదప మంచి రోజు చూచి తలకు నీళ్ళు పోయుదురు.

ఈ ఆచారములను ఒక్క మాటతో కొట్టివేయుట సులభము. ఒక్క మాటతో నెత్తికెత్తుకొనుటయు సులభమే. రెండును తగవు. గడపకు కట్టిన వేపమండ చదువురాని కాలమున ఒక ప్రకటన పత్రము. "ఈ యింటిలో అంటుజబ్బు ఉన్నది, దూరముగా నుండుడు" అని అది వీథికి చెప్పెను. పడక వేరు చేయుట, గర్భిణిని దూరముగా నుంచుట నేటి వైద్యులును చెప్పు మాటలే. తాళింపు వాసనతో జబ్బునకు సంబంధము లేదు. అది నమ్మకము మాత్రమే. "మందు వేసిన అమ్మవారికి కోపము వచ్చును" అనునది మాత్రము ప్రమాదకరమైన నమ్మకము. ఆ ఒక్క మాట వలన ఎందఱు తల్లులు వైద్యుని గడప త్రొక్కక కాలము దాటబెట్టిరో లెక్క చెప్పుట ఎవరి తరమును కాదు.

ప్రాచీన వైద్యులు పొక్కుల జబ్బులను గమనింపకపోలేదు. చరక సంహిత చికిత్సా స్థానములో విసర్పమునకు ప్రత్యేకముగా ఒక అధ్యాయమున్నది. మాధవ నిదానములో మసూరికకు వేఱుగా ఒక ప్రకరణమున్నది. మసూరు పప్పు వంటి పొక్కు గనుక మసూరిక అనిరి. ఐనను మశూచి, ఆటలమ్మ ఒకే జబ్బు యొక్క పెద్ద, చిన్న రూపములా, లేక రెండు వేఱు జబ్బులా అను సంగతి లోకమున చాలకాలము తేలలేదు. ఐరోపాలోను అదే అయోమయముండెను. 1767వ సంవత్సరమున విలియం హెబర్డెన్ అను ఆంగ్ల వైద్యుడు లండను వైద్య కళాశాల సభలో ఒక వ్యాసము చదివి రెంటిని స్పష్టముగా వేఱుచేసెను. ఆటలమ్మ ఒకసారి పోసిన వారికి మరల పోయదనియు, కాని అది మశూచి నుండి కాపాడదనియు ఆయన చెప్పెను. జెన్నరు టీకా రాకముందు ఈ వివేచన ప్రాణప్రదమైనది. ఆటలమ్మ పోసి తగ్గినవాడు తనకిక మశూచి రాదని ధీమాగా నుండినచో మోసపోవును గదా! 1875లో ప్రాగ్ నగరమున స్టైనర్ అను వైద్యుడు పొక్కులలోని నీటి ద్వారా ఆటలమ్మ ఒకరి నుండి ఒకరికి సంక్రమించునని ప్రయోగ పూర్వకముగ చూపెను.

మన ప్రాంతమున మాత్రము మశూచి నీడ తొలగువఱకు ఆటలమ్మను ఎవరును పెద్దగా పట్టించుకొనలేదు. పులి తిరుగు అడవిలో నక్కను చూచి ఎవరు భయపడుదురు? విజయవాడ ఆకాశవాణి కేంద్రము 1948 డిసెంబరు 1న ప్రారంభమైన నాటికి ఈ దేశమున మశూచి రాజ్యమేలుచుండెను. అప్పటికి కృష్ణా జిల్లా మద్రాసు రాష్ట్రములోనిది. మద్రాసు అంటువ్యాధుల ఆసుపత్రిలో డాక్టరు ఏ. ఆర్. రావుగారు 6,942 మంది మశూచి రోగులను పరిశీలించి వ్రాసిన గ్రంథము 1972లో వెలువడినది. మశూచి చరిత్రకారులు నేటికిని దానిని ప్రమాణముగా గైకొందురు. రక్తస్రావముతో కూడిన ఘోరమైన మశూచి గర్భిణులకు తఱచుగా వచ్చెడిదని ఆ పరిశీలనలో తేలినది. గర్భిణి శరీరము కొన్ని వైరసుల యెదుట ప్రత్యేకముగా బలహీనమగునని దక్షిణ దేశపు ఆసుపత్రి మంచముల ప్రక్క నిలిచి నేర్చుకొన్న పాఠమిది. నాయనమ్మ "పోమాకమ్మా" అను మాట వెనుక ఆ తరతరముల మశూచి జ్ఞాపకమున్నదని మా అభిప్రాయము.

మశూచి నిర్మూలనోద్యమము దేశమున 1962లో మొదలైనది. 1973 చివర నుండి ఇల్లిల్లు గాలించుట తీవ్రమాయెను. ఆరోగ్య కార్యకర్తలు మశూచి బిడ్డ బొమ్మ గల అట్టను చేతబట్టుకొని, "ఇటువంటి పొక్కులు ఎవరికైన ఉన్నవా?" అని గడపగడపకు తిరిగిరి. అప్పుడు వారికి ఎదురైన పెద్ద చిక్కు ఆటలమ్మయే. కనబడిన ప్రతి పొక్కును తేల్చి చూడవలసివచ్చెను. మశూచి పొక్కులు ముఖమున, చేతులకు, కాళ్ళకు దట్టముగా ఉండును; అరచేతులలోను అరికాళ్ళలోను కూడ పోయును; ఒకచోటనున్న పొక్కులన్నియు ఒకే దశలో నుండును. ఆటలమ్మ పొక్కులు ఱొమ్మున, వీపున ఎక్కువ. విడతలు విడతలుగా పోయుట వలన, ఒకే చోట ఎఱ్ఱని మచ్చ, నీటి పొక్కు, మాడిన పెచ్చు మూడును కనబడును. ఈ తేడాను గ్రామ కార్యకర్తలు కంఠస్థము చేసిరి. మశూచి రోగిని చూపిన వారికి ప్రకటించిన బహుమానము పెరిగి పెరిగి 1975లో వేయి రూపాయలకు చేరెను. ఆ యేడు మే నెలతో భారత దేశమున మశూచి అంతరించినది. 1977 ఏప్రిల్‌లో అంతర్జాతీయ సంఘము దానిని ధ్రువపఱచినది.

పెద్దమ్మవారు పోయినది. చిన్నమ్మవారు మిగిలినది. ప్రజలలో భయమును తగ్గినది. పిల్లలకు ఆటలమ్మ సాధారణముగా తేలికగా పోసి తగ్గిపోవును. ఆ మాట నిజమే. కాని పిల్లలకు తేలికయైన జబ్బు పెద్దలకు తేలిక కాదు. గర్భిణికి అసలే కాదు. ఇచ్చటనే మన కథ రెండవ పాయ వచ్చి కలియును. ఆ పాయ పేరు సర్పి.

సర్పిని ఎఱుగని పల్లె లేదు. నడుమునకో, ఱొమ్మునకో, ముఖమునకో ఒక ప్రక్కగా మంట పుట్టి, రెండు మూడు రోజులలో నీటి పొక్కులు వరుసగా లేచి, పామువలె ప్రాకును. తల, తోక కలిసినచో మనిషి దక్కడని పెద్దలు బెదరుదురు. అందుకే జాజు పూసి, బొమ్మలు గీసి, మంత్రము పెట్టించి దాని దారికి అడ్డము వేయజూతురు. నిజమునకు ఆ తల, తోక సాధారణముగా కలియవు. సర్పి ఒక నరము వెంబడి లేచును. మన ఒంటి నరములు వెన్నుపూస నుండి కుడికి కుడిగా, ఎడమకు ఎడమగా చీలి వచ్చును. కావున పొక్కుల వరుస నడిమి గీత వద్ద ఆగిపోవును. మంత్రగాడు గీసిన గీత కన్న ముందే ప్రకృతి ఆ గీత గీసి ఉంచినది.

పేరులో ఒక ముచ్చట కలదు. ఇంగ్లీషువారు ఈ జాతి జబ్బులను హెర్పీస్ అందురు. అది ప్రాకుట అను అర్థము గల గ్రీకు ధాతువు నుండి వచ్చినది. సంస్కృతములోని సృప్ ధాతువు, సర్పము, విసర్పము, మన సర్పి, గ్రీకు హెర్పీస్ అన్నియు ఒకే ప్రాచీన మూలము నుండి పుట్టిన అన్నదమ్ములని భాషా శాస్త్రజ్ఞులు చెప్పుదురు. వేల మైళ్ళ దూరమున నున్న రెండు జాతులు ఒకే పొక్కుల వరుసను చూచి ఒకే మాట అనిరి. పొక్కు ప్రాకుటను కన్ను పట్టుకొన్నది. దాని లోపలి రహస్యము మాత్రము ఇరువదవ శతాబ్దము వఱకు పట్టుబడలేదు.

ఆ రహస్యపు మొదటి కొస బుడాపెస్టు నగరమున దొరకినది. సర్పి వచ్చిన పెద్దలున్న యిండ్లలోనే కొన్ని రోజులకు పిల్లలకు ఆటలమ్మ పోయుటను బోకాయ్ అను పిల్లల వైద్యుడు గమనించి, ఈ రెంటికి చుట్టరికమున్నదని 1909లో ప్రకటించెను. 1925లో కుండ్రటిట్జ్ అను వైద్యుడు సర్పి పొక్కులలోని నీటితో ఆటలమ్మ పుట్టుటను చూపెను. అమెరికాలో థామస్ వెల్లర్ 1953లో ఈ రెండు జబ్బుల క్రిములను ప్రయోగశాలలోని జీవకణములలో పెంచి, 1958 నాటికి రెండును ఒకే వైరసని నిరూపించెను. ఇంగ్లండులో సైరెన్సెస్టర్ అను చిన్న పట్టణమున సాధారణ వైద్యము చేయుచుండిన హోప్ సింప్సన్ తన వద్దకు వచ్చిన సర్పి రోగుల వివరములను పదునారేండ్లు ఓపికగా కూర్చి 1965లో ఒక సిద్ధాంతము చెప్పెను. చిన్ననాడు ఆటలమ్మ పోసి తగ్గినను వైరసు ఒంటిని విడువదు. వెన్నుపూస ప్రక్కనున్న నరముల ముడులలో దాగి నిద్రించును. వయస్సు మీఱి దేహశక్తి తగ్గిననాడు మేల్కొని, నరము వెంబడి దిగివచ్చి సర్పియై లేచును. తరువాతి పరిశోధనలు ఆ మాటను స్థిరపఱచినవి. పెద్ద ఆసుపత్రిలో గాక పల్లెపట్టు వైద్యశాలలో పుట్టిన సిద్ధాంతమిది.

ఈ చుట్టరికము మన ఆడపడుచునకు ఎందులకు? ఆమె పిల్లవాని వసారాకు పోకుండ, తాతగారి గదిలో పడక వేసికొనెననుకొందము. తాతగారికి నడుమున సర్పి లేచియున్నది. ఆమెకు చిన్ననాడు ఆటలమ్మ పోయలేదు. ఆ పొక్కుల నీరు తగిలినచో ఆమెకు ఆటలమ్మ పోయవచ్చును. సర్పి నుండి సర్పి అంటదు. సర్పి నుండి ఆటలమ్మ అంటును. ఈ సంగతి మన ఇండ్లలో చాలమందికి తెలియదు. పొక్కులను శుభ్రమైన గుడ్డతో కప్పి యుంచిన ప్రమాదము చాలవఱకు తగ్గును.

ఇక గర్భస్థ శిశువు సంగతి. తల్లికి వచ్చిన అంటుజబ్బు గర్భములోని బిడ్డ అవయవములను చెఱచునను సంగతిని వైద్య లోకము చాల ఆలస్యముగా గ్రహించెను. 1941లో ఆస్ట్రేలియా కంటి వైద్యుడు నార్మన్ గ్రెగ్, పుట్టుకతో కంటి పొరలు గల బిడ్డల తల్లులు గర్భము తొలి నెలలలో రుబెల్లా బారిన పడిరని గుర్తించెను. అది మేలుకొలుపు. 1947లో అమెరికాలో లాఫొరెట్, లించ్ అను వైద్యులు గర్భకాలమున ఆటలమ్మ పోసిన తల్లికి అవయవ లోపములతో పుట్టిన బిడ్డను గూర్చి వ్రాసిరి. అటువంటి బిడ్డలలో చర్మము మీద నరము వెంబడి మచ్చలు, సన్నబడిన కాలు గాని చేయి గాని, కంటి దోషములు, మెదడు లోపములు కనబడును. నరము వెంబడి మచ్చలుండుటను బట్టి, గర్భములోనే బిడ్డకు ఆటలమ్మ సోకి, పుట్టకముందే అది సర్పివలె మరల లేచునని కొందఱు పరిశోధకులు భావించిరి. బామ్మకు డెబ్బదియవ యేట లేచు సర్పి బిడ్డకు గర్భములోనే లేచుననుట వినుటకే బాధ కలిగించును.

ఐతే ఇది ఎందఱికి సంభవించును? భయపెట్టి ఊరకుండుట ధర్మము కాదు గనుక అంకెలు చెప్పవలెను. 1994లో లాన్సెట్ పత్రికలో ఎండర్స్, ఆమె సహచరులు ప్రకటించిన పరిశీలన దీనికి ఆధారము. జర్మనీ, బ్రిటన్ దేశములలో గర్భకాలమున ఆటలమ్మ పోసిన 1,373 మందిని, సర్పి లేచిన 366 మందిని వారు గమనించిరి. మొదటి 12 వారములలో ఆటలమ్మ పోసిన తల్లుల బిడ్డలు 472 మందిలో ఇద్దఱికి లోపములు కలిగినవి. అనగా నూటికి సగము కూడ కాదు. 13 నుండి 20 వారముల మధ్య 351 మందిలో ఏడుగురికి, అనగా నూటికి ఇద్దఱికి కలిగినవి. 20 వారములు దాటిన పిదప ఆ పరిశీలనలో ఒక్కరికిని కలుగలేదు. సర్పి లేచిన 366 మంది తల్లుల బిడ్డలలో ఒక్కరికైనను కలుగలేదు. సర్పి నాటికి తల్లి రక్తములో రక్షక పదార్థములు ముందే ఉండుటయే దానికి కారణము. కావున ఆటలమ్మ పోసినంత మాత్రమున గర్భము తీయించుకొనవలెనను సలహా ఈ అంకెల ముందు నిలువదు. కావలసినది భయము కాదు. వైద్యుని పర్యవేక్షణ, తగిన వారములలో స్కానింగు పరీక్ష.

బిడ్డకన్న ముందు తల్లికి కలుగు అపాయమును తలచుకొనవలెను. పెద్దలకు ఆటలమ్మ పోసినప్పుడు ఊపిరితిత్తులకు వాపు రావచ్చును. గర్భము నిండిన నెలలలో ఊపిరికి చోటు తక్కువ గనుక ఆ వాపు ప్రాణాంతకము కాగలదు. పొక్కులతోపాటు దగ్గు, ఆయాసము, ఱొమ్ము నొప్పి కనబడినచో అది వేపాకులతో సరిపుచ్చదగిన సమయము కాదు. ఆ నాడే ఆసుపత్రికి పోవలెను.

మూడవ గండము కాన్పు ముంగిట ఉన్నది. ప్రసవమునకు 5 రోజుల ముందు మొదలు ప్రసవమైన 2 రోజుల వఱకు గల ఆ వారములో తల్లికి పొక్కులు లేచినచో, బిడ్డకు వైరసు అందును గాని దానిని ఎదుర్కొను రక్షక పదార్థములు తల్లి నుండి అందుటకు వ్యవధి చాలదు. చికిత్స లేని రోజులలో అట్టి శిశువులలో నూటికి ముప్పది మంది వఱకు మరణించిరని వైద్య గ్రంథములు చెప్పుచున్నవి. కాన్పునకు పక్షము ముందు పోసి తగ్గిన ఆటలమ్మ కన్న, కాన్పు నాడు పోసిన ఆటలమ్మ బిడ్డకు ఎన్నియో రెట్లు ప్రమాదము. పురిటికి పుట్టింటికి వచ్చు మన ఆచారము, వేసవి ముంగిట పిల్లలకు ఆటలమ్మ పోయు ఋతువు ఈ చోట ఒకదానినొకటి ఢీకొనును.

సర్పి కుటుంబములోనే మఱియొక వైరసున్నది. జ్వరము తగిలినప్పుడు పెదవి చివర పొక్కులు లేచుటను మనవారు "మూతి పేలినది" అందురు. అదియు హెర్పీస్ జాతియే, కాని ఆటలమ్మ వైరసు కాదు. దీని రెండవ రకము జననాంగములకు సోకును. నవజాత శిశువు అవయవములను ఈ వైరసు చెఱచుటను 1935లో అమెరికాలో హాస్ అను వైద్యుడు వర్ణించెను. రెండు రకములను 1960లలో స్పష్టముగా వేఱుచేసిరి. తల్లికి పాత జబ్బు మరల లేచినచో బిడ్డకు సోకు అవకాశము బహు స్వల్పము. కాన్పు సమయమునకు క్రొత్తగా మొదటిసారి సోకినచో ఆ అవకాశము నూటికి ముప్పది నుండి ఏబది వఱకు ఉండును. కావున ప్రసవ వేళ పొక్కులున్న తల్లికి శస్త్రచికిత్స ద్వారా కాన్పు చేయుదురు. సిగ్గుపడి దాచుట బిడ్డకు కీడు. పురిటి మంచము వద్దకు వచ్చు చుట్టములకును ఒక మాట. మూతి పేలిన వారు, ఎంత దగ్గరి వారైనను, పసిగుడ్డును ముద్దు పెట్టుకొనరాదు.

ఇక మందుల చరిత్ర. ఈ వైరసులను అణచు ఎసైక్లోవిర్ అను మందు 1977, 78లలో లోకమునకు వెల్లడియైనది. దాని వెనుకనున్న శాస్త్రవేత్త గెర్ట్రూడ్ ఎలియన్. ఆమెకును ఆమె గురుతుల్యుడు జార్జి హిచింగ్స్‌కును 1988లో నోబెల్ బహుమానము లభించినది. ఆ హిచింగ్స్ తన విద్యార్థి దశను హార్వర్డు విశ్వవిద్యాలయమున, ఫిస్కే, యల్లాప్రగడ సుబ్బారావుగారలు పనిచేసిన ప్రయోగశాలలో గడపెను. 1895లో భీమవరమున పుట్టిన మన సుబ్బారావుగారు ఆ మందును చూడలేదు, 1948లోనే కన్నుమూసిరి. ఐనను జీవకణ రసాయనములను విడదీసి చూచు విద్యను హిచింగ్స్ నేర్చుకొన్న చోట ఒక తెలుగువాని చేతి పని ఉన్నదని తలచుట మనకు తగినదే. ఎసైక్లోవిర్ వాడిన గర్భిణుల వివరములను 1984 నుండి 1999 వఱకు నమోదు చేసి చూడగా, తొలి నెలలలో వాడిన తల్లుల బిడ్డలలో లోపములు సాధారణముకన్న ఎక్కువగా కనబడలేదు. పొక్కులు లేచిన మొదటి రోజుననే వైద్యునికి చూపినచో ఈ మందు చక్కగా పనిచేయును. నాలుగు రోజులు నీళ్ళు పోయు ముహూర్తమునకై వేచియుండిన, మందు అవకాశము చేజారును.

ఆటలమ్మ పోయని గర్భిణి ఆ జబ్బు గల వారి చెంతకు పోయినట్లు తెలిసినచో, పొక్కులు రాకముందే చేయదగిన పనియు కలదు. పది రోజుల లోపల రక్షక పదార్థములు గల సూదిమందు ఇయ్యవచ్చును. నవజాత శిశువులకును దీనిని ఇత్తురు. ఇది అన్ని చోట్ల దొరకునది కాదు. కావున ఆలస్యము చేయక వైద్యుని అడుగవలెను.

టీకా సంగతి ఒక తండ్రి కథ. 1964లో జపాను వైద్యుడు మిచియాకి తకహాషి అమెరికాలోని టెక్సాసులో పనిచేయుచుండగా ఆయన మూడేండ్ల కుమారునికి ఆటలమ్మ తీవ్రముగా పోసినది. రాత్రులు మేలుకొని బిడ్డను కాచిన ఆ తండ్రి స్వదేశమునకు పోయి టీకా తయారు చేయ పూనుకొనెను. ఓకా అను ఇంటిపేరు గల బాలుని పొక్కుల నుండి తీసిన వైరసును బలహీనపఱచి 1974లో టీకాను ప్రకటించెను. నేడు లోకమంతట ఆటలమ్మకు వేయు టీకాలలో అధిక భాగమునకు మూలము ఆ ఓకా వైరసే. ఇది సజీవమైన వైరసు టీకా గనుక గర్భిణికి వేయరాదు. గర్భము ధరించుటకు కనీసము ఒక నెల ముందుగా వేయించుకొనవలెను.

మన వంటి ఉష్ణదేశములకు ఒక విశేషమున్నది. చలిదేశములలో ఆటలమ్మ దాదాపు అందఱికి బాల్యముననే పోసి పోవును. ఉష్ణదేశములలో అట్లు కాదు. 1963లో మారెటిచ్, కూరే అను వైద్యులు సింహళమును ఒక ఐరోపా దేశముతో పోల్చి ఈ తేడాను చూపిరి. ఉష్ణదేశమున బాల్యములో తప్పించుకొని పెద్దవారైన పిదప దాని బారిన పడువారు ఎక్కువ. అనగా ఆటలమ్మ పోయకనే పెండ్లియై గర్భవతులగు స్త్రీలు మన దేశమున ఎక్కువగా ఉందురు. చలిదేశపు గ్రంథములు "గర్భిణులలో అత్యధికులకు రక్షణ ఉండును" అని చెప్పుటను మనము అక్షరాల మనకు అన్వయించుకొనరాదు.

కావున వత్సవాయి గడప వద్దకు మరల పోదము. నాయనమ్మ మాట నిజమే. ఆడపడుచును వసారాకు పోనీయకుండుట మంచిది. అంతకన్న మంచిది, పిల్లవానికి పొక్కులు లేచినవని తెలిసిననాడే, ఆమెను పుట్టింటికి తెచ్చు ప్రయాణమును వాయిదా వేయుట. ఏలయన పొక్కులు కనబడుటకు ఒకటి రెండు రోజుల ముందు నుండియే జబ్బు అంటును, అన్ని పొక్కులును మాడి పెచ్చు కట్టువఱకు అంటుచునే యుండును. అంటిన పిదప బయటపడుటకు 10 నుండి 21 రోజులు పట్టును. ఆమె అప్పటికే ఇంటిలో నున్నచో తల్లి ఒక ప్రశ్న జ్ఞాపకము చేసికొనవలెను. "దీనికి చిన్నప్పుడు ఆటలమ్మ పోసిందా?" పోసినచో నిశ్చింత. పోయకున్నను, జ్ఞాపకము లేకున్నను, రక్త పరీక్ష తేల్చును. ఈ ప్రశ్నను పెండ్లికి ముందే అడిగి, పోయని పిల్లకు టీకా వేయించినచో, ఈ చిక్కు అంతయు తలెత్తదు.

వేపమండను గడపకు కట్టుకొనుడు. అది వీథికి మంచి హెచ్చరిక. అమ్మవారికి మ్రొక్కుకొనుడు, మనస్సునకు ధైర్యము. ఐతే ఆ మ్రొక్కుతోపాటు అదే రోజున వైద్యునికి కబురు పంపుడు. తన బిడ్డ పిలిచిన వైద్యుని చూచి ఏ తల్లియు కోపింపదు. గ్రామమును కాచునని మనము నమ్మిన తల్లి అసలే కోపింపదు. మునేటి యొడ్డున ఈ యేడును తిరునాళ్ళు జరుగును, మిరప కోతలు జరుగును, పురుళ్ళును జరుగును. గడపలో నిలిచిన నాయనమ్మ "పోమాకమ్మా" అని అన్నప్పుడు, ఆమె వెనుక వైద్య శాస్త్రమును నిలిచియున్నదని ఆ యింటివారు గ్రహించిన చాలును.